గొడుగూ ముల్లూ

చెవికి ఆపరేషన్ రేపు పొద్దున్న. ఇవాళ లిఫ్టు మేస్త్రి కాలు కాలిన పిల్లిలా ఇల్లంతా తిరుగుతున్నాడు. వంటింట్లోకి వెళ్ళి మంచినీళ్ళు పోసుకున్నాడు, తాగకుండానే గ్లాసు గట్టు మీద పెట్టి బాల్కనీలోకి వెళ్ళాడు. అక్కడ ఆరేసిన తువ్వాలు తీశాడు, మళ్ళీ ఆ తీగ మీదే వేశాడు. ఆస్పత్రికి తీసుకెళ్ళే బ్యాగు సర్దడం నిన్ననే అయిపోయింది. అయినా జిప్పు తీసి చూశాడు, వేశాడు, మళ్ళీ తీశాడు.

"కాసేపు కూర్చోండి, మీకు పుణ్యముంటుంది," అంది భార్య. "మీరు తిరుగుతుంటే నాకు కళ్ళు తిరుగుతున్నాయి."

"ఏమన్నావు?"

ఆవిడ కుడి పక్కకి వచ్చి మళ్ళీ చెప్పింది. ఎడమ చెవి పోయి చాలా ఏళ్ళయింది. మేడల మీద మెషిన్ రూముల్లో మోటారుకి ఎడమ పక్కే ఆనించి నిలబడ్డందుకు పోయిందని ఆయనంటాడు, చిన్నప్పుడు కారిన చీము వల్ల పోయిందని డాక్టరంటాడు. ఎలా పోతేనేం, పోయింది. మిగిలింది కుడి చెవి. ఇప్పుడు దాని వెనక ఎముకలో ఏదో గడ్డ పెరుగుతోంది, వినికిడి ఇప్పటికే సగం తగ్గింది. తియ్యకపోతే మెదడు దాకా పాకుతుంది. తీస్తే వినికిడి ఉండొచ్చు, పూర్తిగా పోనూవచ్చు, మాటివ్వలేనని డాక్టరు ముఖం మీదే చెప్పేశాడు.

"పోతే పోయింది లెండి, వినాల్సినవన్నీ వినేశాను," అన్నాడు మేస్త్రి అప్పుడు, మహా ధైర్యంగా. ఆ మాట ఆయనకే నచ్చింది కాబోలు, పరామర్శకి వచ్చిన ప్రతివాళ్ళకీ అదే వినిపించాడు. కూతురు ఫోన్లో ఏడిస్తే కూతురికీ అదే చెప్పాడు. మనిషి ధైర్యంగా ఉన్నప్పుడు బ్యాగు జిప్పు అన్నిసార్లు తియ్యడు. ఆ సంగతి భార్యకి తెలుసు.

మధ్యాహ్నం రెండింటికి కూతురూ అల్లుడూ కారు తెస్తారు. ఈలోగా ఒకటి తేల్చుకోవాలి. ఆఖరిసారి ఏ రికార్డు వినాలి? గొడుగా, ముల్లా?

ఇక్కడ కొంచెం ఆగి చెప్పాలి. ఒక బ్యాండు ఉంది. పేరుతో మనకి పని లేదు, మేస్త్రి కూడా వాళ్ళని "వాళ్ళు" అనే అంటాడు. వాళ్ళు వాయించేదాన్ని ప్రోగ్రెసివ్ రాక్ అంటారు. అంటే మామూలు రాక్ పాటవాళ్ళు మూడు నిమిషాల్లో ముగించే చోట వీళ్ళు ఇరవై నిమిషాలు ఊరేగి, దారిలో నాలుగిళ్ళు పలకరించి, బయల్దేరిన చోటికి రాకుండానే ఆగిపోతారు. నచ్చినవాళ్ళకి ప్రాణం, నచ్చనివాళ్ళకి తలనొప్పి. అయితే అలాంటి వాళ్ళు కూడా ఒకసారి మనసు మార్చుకుని అందరికీ అందేలా ఒక రికార్డు చేశారు. అట్ట మీద వానలో పసుపుపచ్చ గొడుగు. ఎనిమిది పాటలు, నల్లేరు మీద బండి నడక. మొదటి రోజు వింటే రెండో రోజుకి నోట్లో ఆడతాయి. పాడేవాడి గొంతు మొత్తం ఎడమ స్పీకరు పెట్టెలో పెట్టారు, వాయిద్యాలన్నీ కుడి పెట్టెలో. రెండు పెట్టెల మధ్య కూర్చుంటే ఒక పక్కన మనిషి, ఇంకో పక్కన వాన అన్నట్టుంటుంది.

ఆ గొడుగు కొన్న జనం పరుగెత్తి వెళ్ళి తర్వాతి రికార్డు కొన్నారు. అట్ట మీద చేప ముల్లు, అంతే. ఒక్కో వైపూ ఒకే ముక్క. పాడేవాడు ఈసారి రెండు పెట్టెల్లోంచీ వచ్చి నాలుగు మాటలు అనేసి వెళ్ళిపోతాడు. డ్రమ్ములు ఒక దారి, గిటారు ఒక దారి, ఆర్గను అసలు దారే లేదు. కొన్నవాళ్ళలో సగం మంది తిరిగిచ్చేశారు. కొరకరాని కొయ్య.

మేస్త్రి గొడుగు మనిషి. ముల్లుకి పూజారి మాత్రం ఆయన వియ్యంకుడు లెక్కల మాస్టారు. పెళ్ళిళ్ళు కాకముందు ఇద్దరూ పక్కపక్క గదుల్లో అద్దెకుండేవాళ్ళు, ఇద్దరికీ కలిపి ఒకటే రికార్డు ప్లేయరు. "ఒరేయ్" అంటే "ఒరేయ్" అనుకునేవాళ్ళు. మాస్టారి కొడుక్కి మేస్త్రి కూతుర్నిచ్చి పెళ్ళి చేశాక ఇంటి ఆడవాళ్ళిద్దరూ ఏకమై ఆ "ఒరేయ్"ని నిషేధించారు. అప్పటి నుంచి "బావగారూ" అనుకుంటూ పోట్లాడుకుంటున్నారు.

"గొడుగు తడవడమంటే భయపడేవాళ్ళకి బావగారూ," అంటాడు మాస్టారు.

"చేప తినేవాడెవడైనా ముల్లు పక్కన పెడతాడు బావగారూ," అంటాడు మేస్త్రి.

పైకి అంటాడు గానీ, ఆ ముల్లు మేస్త్రి గొంతులోనే ఉంది, ఇన్నేళ్ళుగా. ఏ మోటారు ఎందుకు మూలుగుతోందో మూడంతస్తుల కింద నుంచి చెప్పిన మనిషి ఒక రికార్డుకి లొంగిపోయాడు. మాస్టారు దాన్ని వినడం నేర్పించాడు కూడా. వేళ్ళు మడిచి, "ఇది ఏడు, మళ్ళీ ఏడు, తర్వాత పదకొండు, ఇప్పుడు అయిదు," అని. మేస్త్రి బుద్ధిగా లెక్కపెట్టేవాడు. సగం దాకా వచ్చేసరికి ఎక్కడో లెక్క తప్పేది. తప్పగానే చిరాకొచ్చి సూది ఎత్తేసేవాడు. మొదటి వైపే ఒక్కసారి కూడా చివరిదాకా వినలేదు. ఇక రెండో వైపు మాట చెప్పక్కర్లేదు, దాని మీద గీత కూడా పడలేదు.

అందుకే ఇవాళ్టి గోల. ఆఖరిసారి కదా, హాయిగా తెలిసినది విని వెళ్ళాలా? లేక ఆ కొయ్యని ఇంకోసారి కొరికి చూడాలా? కొరికితే పళ్ళు రాలి, ఆ చిరాకే ఆఖరి జ్ఞాపకమైతే?

పన్నెండు దాటాక గొడుగే గెలిచింది. పేముకుర్చీని పక్కకి తిప్పి, కుడి చెవి పెట్టెల వైపు పెట్టుకుని, వాల్యూము బాగా పెంచి కళ్ళు మూసుకున్నాడు. ఈ వారమంతా రోజూ విన్నదే. అయినా రెండో పాట దగ్గర, పాడేవాడు ఊపిరి తీసుకుని గొంతు పైకెత్తే చోట, రోజూలాగే ఒళ్ళు జలదరించింది. మేస్త్రి పెదాలు వాడితో పాటు కదులుతున్నాయి. కంటి చివర నుంచి నీళ్ళు కారి కాలరులోకి దిగుతున్నాయి. తుడుచుకోలేదు.

లెక్కల మాస్టారు ఆపిల్ పళ్ళ సంచితో వచ్చింది అప్పుడే. మేస్త్రి భార్య తలుపు తీసి, మాట్లాడించకండి అన్నట్టు సైగ చేసింది. ఆయన చెప్పులు విప్పి వచ్చి సోఫా చివర కూర్చున్నాడు. కాసేపు విన్నాడు. కనుబొమలు ముడిచాడు. పెట్టెల వైపు చూశాడు, మేస్త్రి పెదాల వైపు చూశాడు, మళ్ళీ పెట్టెల వైపు చూశాడు. చివరికి ఉండబట్టలేక లేచి వెళ్ళి భుజం తట్టాడు.

"పాటేది బావగారూ?"

"ఏమిటి?"

"పాట! పాడేవాడేడీ? ఉత్త వాయింపే వస్తోంది."

మేస్త్రి నవ్వాడు. "ఇప్పుడు చెవులు మీకు పోయాయా? అదుగో, పాడుతున్నాడుగా." అని గాలిలో వేలు ఊపాడు, వాడు పాడుతున్న చోటికే.

మాస్టారు భార్యాభర్తలిద్దర్నీ మార్చి మార్చి చూశాడు. మేస్త్రి భార్య చెంగుతో చెయ్యి తుడుచుకుంటూ, "వారం నుంచీ ఇంతేగా అన్నయ్యగారూ. గొంతు తీసేసి ఉత్త వాయిద్యాలే వింటున్నారేమో, అదో సరదా ఏమో అనుకున్నా," అంది.

మేస్త్రి నవ్వు ఆగిపోయింది. లేచి ఎడమ పెట్టె మీద అరచెయ్యి ఆనించాడు. చెక్క చెక్కలాగే ఉంది, వణుకు లేదు. కుడి పెట్టె మీద పెట్టాడు, అది గజగజలాడుతోంది. పెట్టె వెనక్కి వంగి చూశాడు. వైరు ఊడి నేల మీద పడి ఉంది. ఊడ్చేటప్పుడు చీపురు తగిలి ఉంటుంది.

వారం రోజుల పాటు లేని గొంతుకి ఏడ్చాడన్నమాట.

ఎప్పుడూ ఏదో ఒక చురక అంటించే మాస్టారు కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. "సరే లెండి, ఇందులో ఏముంది," అని మొదలుపెట్టింది భార్య, "చెవిటివాడి ముందు శంఖం..." అలవాటు కొద్దీ నోటికొచ్చిన సామెత ఎవరి ముందు అంటోందో సగంలో గుర్తొచ్చి నాలుక కరుచుకుంది. మొహం ఎర్రబడి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

మేస్త్రి వైరు బిగించాడు. అది రెండుసార్లు జారింది. సూదిని మళ్ళీ రెండో పాట మీద పెట్టాడు. ఇప్పుడు పాడేవాడు నిజంగానే వచ్చాడు. ఎక్కడో పక్కింట్లో రేడియో పెట్టినట్టు, సన్నగా, అరిగిపోయి వచ్చాడు. గొంతు పైకెత్తే చోట అసలు వినపడనే లేదు. మేస్త్రికి వాడి మీద కోపమొచ్చింది. ఇందాక ఎంత బాగా పాడాడు!

"ఒరేయ్," అన్నాడు మాస్టారు నెమ్మదిగా. నిషేధం సంగతి మర్చిపోయాడు. "ఇది నీకు పోదురా. చెవి పోయినా ఇది పోదు. లోపల ఉందిగా."

ఆ మాటకి మేస్త్రి ప్రాణం ఒక్క క్షణం కుదుటపడింది. నిజమే, గొడుగుకి చెవి అక్కర్లేదు. ఎనిమిది పాటలూ తలలో ఉన్నాయి, బయటికంటే బాగున్నాయి కూడా. ఆస్పత్రి మంచం మీద పడుకుని ఏది కావాలంటే అది వేసుకోవచ్చు. మరి ముల్లో? కళ్ళు మూసుకుని ముల్లుని తలుచుకున్నాడు. తలలో ఏమీ మోగలేదు. కాసేపటికి "ఏడు, ఏడు, పదకొండు" అని వినపడింది, అదీ మాస్టారి గొంతుతో.

మేస్త్రికి ఒళ్ళు మండిపోయింది. ఆ మంట మాస్టారి మీదో, రికార్డు మీదో, తన మీదో ఆయనకే తెలియలేదు. గడియారం చూస్తే ఒంటిగంట దాటింది. గొడుగు తీసి అవతల పెట్టాడు. ముల్లుని అట్టలోంచి లాగి, అన్నం తిని మొదలుపెట్టండని భార్య అరుస్తున్నా వినకుండా ప్లేయరు పళ్ళెం మీద వేశాడు.

మొదలవడమే డ్రమ్ములు తోసుకొచ్చాయి. పక్క నుంచి మాస్టారి వేళ్ళు మడుచుకోవడం మొదలైంది. "ఏడు... ఏడు..." మేస్త్రి పట్టుకున్నాడు, రెండో మలుపులో జారిపోయాడు. సూది ఎత్తాడు. మళ్ళీ వేశాడు. మళ్ళీ జారాడు. మూడోసారి మాస్టారు సాయం చేద్దామని గట్టిగానే లెక్కపెట్టాడు.

"ఒరేయ్, నోరు ముయ్యరా!" అని అరిచాడు మేస్త్రి. "ఇన్నేళ్ళూ నేను విన్నది నీ లెక్కలేరా, వాళ్ళని ఎప్పుడు విననిచ్చావు?"

వంటింటి గుమ్మంలో భార్య గరిటె పట్టుకుని కొయ్యబారిపోయింది. వియ్యంకుణ్ణి పట్టుకుని ఆ మాటేమిటి! మాస్టారు మాత్రం కోపం తెచ్చుకోలేదు. చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని, చీవాట్లు తిన్న పిల్లాడిలా కూర్చున్నాడు. "నాకూ అలా తప్ప వినడం రాదురా," అన్నాడు. "లెక్క వదిలేస్తే నాకు భయమేస్తుంది."

మేస్త్రి గది మధ్యలో నిలబడి ఉన్నాడు. గడియారం ఆగట్లేదు. కూర్చోబుద్ధి కావడం లేదు, వినబుద్ధి కావడం లేదు, మానెయ్యబుద్ధి కావడం లేదు. పనిలో ఉన్న రోజుల్లో ఇలాంటి స్థితి వస్తే ఏం చేసేవాడు? లిఫ్టు ఎక్కడో కొట్టుకుంటోంది, ఎక్కడో తెలియడం లేదు, కింద జనం తిడుతున్నారు, అప్పుడు ఏం చేసేవాడు? చేతులు వాటంతటవే అటక మీది పనిముట్ల పెట్టె దగ్గరికి వెళ్ళాయి. పొడుగాటి స్క్రూడ్రైవరు తీశాడు. లిఫ్టు పనివాళ్ళందరికీ తెలిసిన పద్ధతే ఇది. దాని మొన మోటారు బేరింగుకి ఆనించి, పిడిని చెవి వెనక ఎముకకి నొక్కితే, చెవి రంధ్రంతో పని లేకుండా లోపలి చప్పుడు ఎముకలోంచి నేరుగా తలలోకి వస్తుంది.

కుర్చీ లాక్కుని కుడి పెట్టె పక్కన కూర్చున్నాడు. మొన పెట్టె చెక్కకి, పిడి కుడి చెవి వెనక. అక్కడ కొంచెం నొప్పి పుట్టింది. రేపు తెరిచేది ఆ చోటే.

"వెయ్యి," అన్నాడు.

మాస్టారు వేశాడు.

మోటారుని వినేటప్పుడు ఎవరూ అదేదో పాడుతుందని ఎదురుచూడరు. లెక్కా పెట్టరు. ముందు అన్ని చప్పుళ్ళనీ రానిచ్చి, వాటిల్లో ఆగకుండా నడిచేది ఏదో పట్టుకోవాలి. మేస్త్రి అలాగే రానిచ్చాడు. డ్రమ్ములు రానిచ్చాడు, గిటారు రానిచ్చాడు. అడుగున ఏదో ఉంది. బేసు గిటారు. బరువుగా, తొందర లేకుండా, ఒకే నడకలో పైకి వెళుతోంది. ఇన్నేళ్ళూ పైనున్న రభసకి అది చెవిలో పడనే లేదు. ఇప్పుడు ఎముకలో మోగుతుంటే తక్కినవన్నీ ఏమిటో తెలిసిపోయింది. అవి దారి తప్పినవి కావు, దారిలో తెరుచుకుని మూసుకుంటున్న తలుపులు. ఒక అంతస్తులో గిటారు తలుపు తీసి ఏదో అని మూసేసింది, పై అంతస్తులో ఆర్గను. లిఫ్టు మాత్రం ఎక్కడా కుదుపు లేకుండా పోతోంది.

లెక్క తప్పే చోటు వచ్చింది. వచ్చిందని కూడా ఆయన గమనించలేదు. ఇంకా పైకి వెళ్ళాక అన్ని తలుపులూ ఒక్కసారి మూసుకుపోయాయి. కిందిది ఒక్కటే మిగిలింది. దాని మీద పాడేవాడు వచ్చి తన నాలుగు మాటలు అన్నాడు, లోగొంతుతో, ఎముకకి అందే గొంతుతో. అంతసేపూ ఎక్కింది ఆ నాలుగు మాటల కోసమేనని మేస్త్రికి అర్థమైంది. మొదటి వైపు అయిపోయింది. సూది చివరి గాట్లో గరగరమంటోంది.

మేస్త్రి స్క్రూడ్రైవరు దించి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఏడ్చాడు. ఇందాక గొడుగుకి కార్చిన కన్నీళ్ళలాంటివి కావు. ఇంత మంచిది ఇన్నాళ్ళూ ఇంట్లోనే పెట్టుకుని వినలేకపోయానే అని, చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు. మాస్టారు పక్కన నిలబడి ఆయన వీపు రాస్తూ, "ఏం విన్నావురా? నాకు చెప్పరా," అని అడుగుతున్నాడు. ఎడమ పక్కన నిలబడి అడుగుతున్నాడు పాపం, వినపడలేదు.

కింద కారు హారను మోగింది. అదీ వినపడలేదు. భార్య వచ్చి భుజం మీద చెయ్యి వేసింది.

"పిల్లలు వచ్చేశారు. లేవండి."

"రెండో వైపు ఉంది," అన్నాడు మేస్త్రి. "ఇరవై నిమిషాలు. ఇరవై నిమిషాలు ఆగమను."

"ఆలస్యమైతే బెడ్డు ఇవ్వరట. ఇందాకే ఫోన్ చేశారు."

"రెండో వైపు వినలేదే నేను!"

ఎవర్నో బతిమాలుతున్నట్టు అన్నాడా మాట. పోతే పోయిందన్న మనిషి ఇప్పుడు కుడి చెవిని అరచేత్తో మూసి, ఎవరో ఎత్తుకుపోతారన్నట్టు పట్టుకున్నాడు. వినాల్సినవన్నీ వినేసినవాడికి భయం లేదు. ఈయనకి ఇప్పుడే ఒకటి మొదలైంది.

అల్లుడు వచ్చి బ్యాగు తీసుకుని వెళ్ళాడు. మాస్టారు కొడుకు వెనకే, కళ్ళజోడు తుడుచుకుంటూ వెళ్ళాడు. భార్య రికార్డుని రెండు చేతులతో ఎత్తి అట్టలో పెట్టింది. ఆ రికార్డుని ఆవిడ ఎప్పుడూ ముట్టుకోలేదు. "గిన్నెల అల్మరా మీద పడ్డట్టుంది," అని దానికి పేరు పెట్టింది కూడా.

"ఇంటికొచ్చాక విందురుగాని," అంది.

"వినపడకపోతే?"

పొద్దుటి నుంచీ ఆ ప్రశ్నని ఇంట్లో ఎవరూ పైకి అనలేదు. ఆవిడ ఆయన చెప్పులు తెచ్చి కాళ్ళ దగ్గర పెట్టింది. తర్వాత కుడి పక్కకి వచ్చి, చెవి దగ్గరగా వంగింది.

"వినపడకపోతే నేను వింటా."

"నువ్వా? నీకు అదంటే ఒళ్ళు మంటగా."

"మంటే. అయినా వింటా. ఒకసారికి తెలియకపోతే పదిసార్లు వింటా."

"విని? నాకెలా చెబుతావే?"

ఆవిడ ఆయన కాలి వైపు చూసింది.

"ఇందాక మీరు వింటూ కాలు ఒకటే ఊపుతున్నారు. పైదంతా నాకు గోలే గానీ, అది మాత్రం తెలిసింది. అడుగున ఒకటి నడుస్తోంది కదూ? దాన్ని మీ వీపు మీద వాయించి చెబుతా. ఇన్నేళ్ళ కోపం కూడా తీరుతుంది నాకు."

మేస్త్రి నవ్వాడు. నవ్వుతూనే ముక్కు తుడుచుకుని, చెప్పుల్లో కాళ్ళు పెట్టుకున్నాడు.

"లెక్కపెట్టకు మరి," అన్నాడు.